గర్భనిరోధపు మాత్ర: పని, గుణదోషములు

కృష్ణ సముద్రమును చేరు హంసలదీవి మొదలు గుడివాడ వరకు గల మన సీమలో కుటుంబ నియంత్రణ యనగానే శస్త్రచికిత్సయే స్ఫురించును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆ చికిత్స పొందినవారే. మాత్ర వాడువారు నూటికి ఒక్కరైనను లేరు. కాని బిడ్డకును బిడ్డకును ఎడము కోరు పడుచు తల్లికి శస్త్రచికిత్స తగినది కాదు. ఆమెకు మాత్ర యొక మార్గము. అందుచేత దాని పనిని, దోషములను మేము వివరింప దలచితిమి.

దివిసీమ రైతునకు లాకుల సంగతి తెలియనిది కాదు. దిగువ కాలువ నిండియున్నదని కబురు వచ్చినచో లస్కరు తలుపు ఎత్తడు. దేహమునందును అట్టి యేర్పాటే కలదు. మెదడు క్రింది పీయూష గ్రంథి నెలనెలా అండాశయమునకు కబురంపగా అండము పక్వమై విడుదల యగును. ప్రభుత్వము ఉచితముగా నిచ్చు మాలా-ఎన్ పొట్లములోని 28 మాత్రలలో 21 మాత్రలు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అను రెండు హార్మోనులు గలవి. అవి రక్తములో నిండుగా నుండుటచే పీయూష గ్రంథి కబురంపుట మానును. అండము విడుదల కాదు. గర్భాశయ ముఖమందలి జిగురు చిక్కబడి పురుషబీజమును అడ్డగించును. మిగిలిన 7 మాత్రలు ఇనుమువి. ఆ దినములలోనే బహిష్టు వచ్చును.

నియమము తప్పక వాడినచో 100 మందిలో ఏడాదికి ఒక్కరికైనను గర్భము నిలుచుట అరుదు. మరపుల వలన వాస్తవమున ఏడుగురికి నిలుచుచున్నది. ఒక మాత్ర మరచినచో జ్ఞప్తికి రాగానే వేసికొనవలెను. రెండు లేక అంతకు మించి మరచినచో మాత్రలు కొనసాగించుచు, 7 దినములు నిరోధ్ వంటి మరియొక సాధనము కూడ వాడవలెను.

తొలి మూడు నెలలలో వికారము, తలనొప్పి, రొమ్ముల సలుపు, నడుమ నడుమ రక్తపు మరకలు కనిపింపవచ్చును. ఇవి చాలమందికి క్రమముగా తగ్గును. వీటికి వెరచి ఎవరికిని చెప్పక మాత్ర మానిన యిల్లాలికి కోరని గర్భము సంభవింప వచ్చును.

అరుదుగా వచ్చు అపాయము రక్తము గడ్డకట్టుట. వాడనివారిలో ఏడాదికి 10,000 మందికి ఇద్దరికి కలుగు నీ వ్యాధి, వాడువారిలో అయిదుగురు మొదలు ఏడుగురికి కలుగును. గర్భిణులకు ఈ అపాయము ఇంతకంటె హెచ్చు. ఒక కాలి పిక్క వాచి నొచ్చుట, ఛాతీనొప్పి, ఆయాసము, దృష్టిలోపము, మాట తడబాటు తోచినచో తడవు చేయక ఆసుపత్రికి పోవలెను.

రక్తపు పోటు గలవారు, 35 ఏండ్లు దాటి చుట్ట, బీడీ త్రాగువారు, కన్నుల ముందు మెరుపులతో పార్శ్వపు నొప్పి వచ్చువారు, రొమ్ము క్యాన్సరు లేక తీవ్రమైన కాలేయ వ్యాధి గలవారు దీనిని వాడరాదు. ఆరునెలల లోపు శిశువునకు పాలిచ్చు తల్లులకు హార్మోను లేని ఛాయ మాత్ర కలదు. క్షయకు వాడు రిఫాంపిసిన్ మందు మాలా-ఎన్ బలమును తగ్గించును.

మాత్ర మానిన పిమ్మట సంతానశక్తి తిరిగి వచ్చును. కనుక వెరపు వలదు, ఏమరుపాటును వలదు. మొదటి పొట్లము విప్పుటకు ముందే రక్తపు పోటు చూపించుకొనుడని మా మనవి.