స్విట్జర్లాండ్‌కి ఆన్‌లైన్‌లో అమ్మాలంటే మీ షాపులో ఏం మార్చాలి? నర్సాపురం లేస్‌తో ఒక ప్రాక్టికల్ గైడ్

ఆన్‌లైన్ షాప్ తెరవడం ఇప్పుడు ఒక్క పూట పని. టెంప్లేట్ ఒకటి తీసుకుని, ఫోన్‌తో ఫొటోలు తీసి పెడితే సాయంత్రానికి సైట్ లైవ్ అయిపోతుంది. కానీ జ్యూరిచ్‌లో ఉన్న మనిషి అదే సైట్‌లో కొనగలడా అంటే, చాలా సైట్ల విషయంలో జవాబు "లేదు" అనే వస్తుంది.

నేనుండేది భీమవరంలో. ఈ మధ్య నర్సాపురంలో లేస్ అమ్మే ఒక చిన్న షాపు వాళ్లు తమ సైట్‌ని ఒకసారి చూసిపెట్టమన్నారు. విదేశీ కస్టమర్‌లా ఫోన్‌లో మొత్తం టెస్ట్ చేశాను. టార్గెట్ స్విట్జర్లాండ్. చిన్న దేశమే, కానీ నాలుగు జాతీయ భాషలు, సొంత కరెన్సీ, యూరోపియన్ యూనియన్‌తో సంబంధం లేని సొంత ట్యాక్స్. ఇక్కడ పనిచేసే షాపుని మిగతా దేశాలకి మార్చుకోవడం పెద్ద కష్టం కాదు.

ఎందుకింత శ్రమ?

మా భీమవరం రొయ్యలు కంటైనర్లలో విదేశాలకు వెళ్తాయి. అవతల కొనేది పెద్ద ఇంపోర్టర్. అక్కడి భాషలో అమ్ముకునే గోల వాళ్లే పడతారు. లేస్ టేబుల్ క్లాత్‌ని నేరుగా ఒక ఇంటికి అమ్మేటప్పుడు మధ్యలో ఆ ఇంపోర్టర్ ఉండడు. ఆ పనంతా వెబ్‌సైటే చేయాలి.

నర్సాపురం క్రోషే లేస్‌కి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. అల్లే ఆడవాళ్లు మాత్రం ఎక్కువగా ఇంట్లోనే కూర్చుని పీసు లెక్కన కూలి తీసుకుంటారు. 1982లో వచ్చిన మరియా మీస్ పుస్తకం 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' చెప్పిందీ ఇదే. సరుకు ప్రపంచ మార్కెట్‌కి పోతుంది, అల్లే మనిషి పని మాత్రం ఖాళీ టైంలో చేసే పనిగా లెక్కవుతుంది. నేరుగా అమ్మితే మధ్యవర్తుల వాటాలో కొంతైనా ఇటు మిగులుతుంది. కానీ ఒక్క పార్శిల్ వెనక్కి వచ్చిందంటే, రానూపోనూ ఖర్చుకి ఆ మిగులు కాస్తా పోతుంది.

టైమింగ్ కూడా బాగుంది. స్విట్జర్లాండ్ 2024 జనవరి 1 నుంచి పారిశ్రామిక వస్తువులన్నిటి మీదా దిగుమతి సుంకం ఎత్తేసింది, బట్టలతో సహా. పైగా స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ ఉన్న ఎఫ్టా కూటమితో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

దేశం వేరు, భాష వేరు

మొత్తం గైడ్‌లో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే. చాలా సైట్లలో ఒక జెండా బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే భాష, కరెన్సీ, షిప్పింగ్ అన్నీ ఒకేసారి మారిపోతాయి. జర్మనీ జెండా నొక్కితే జర్మన్ భాష, యూరో ధర. మరి జ్యూరిచ్ కస్టమర్‌కి జర్మన్ భాష కావాలి, ఫ్రాంకుల్లో ధర కావాలి. జెనీవా వాళ్లకి ఫ్రెంచ్, లుగానో వాళ్లకి ఇటాలియన్, ధర మాత్రం అందరికీ ఫ్రాంకుల్లోనే. ఏ జెండా నొక్కుతారు?

అందుకే రెండు సెట్టింగులు విడిగా ఉండాలి. దేశాన్ని బట్టి కరెన్సీ, ట్యాక్స్, షిప్పింగ్, అడ్రస్ ఫారం మారాలి. భాషని బట్టి అక్షరాలు మాత్రమే మారాలి. భాషల లిస్టులో జెండాలు తీసేసి, ఏ భాష పేరు ఆ భాషలోనే రాయండి. ఐపీ అడ్రస్ చూసి బలవంతంగా భాష మార్చొద్దు. బీల్, ఫ్రైబోర్గ్ లాంటి ఊళ్లలో జర్మన్, ఫ్రెంచ్ రెండూ నడుస్తాయి. బ్రౌజర్ ఏ భాష అడుగుతోందో చూసి ముందు అది చూపించండి, మార్చుకునే బటన్ పైనే ఉంచండి. గూగుల్ కోసం హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగుల్లో స్విస్ జర్మన్, స్విస్ ఫ్రెంచ్, స్విస్ ఇటాలియన్ పేజీలను విడివిడిగా చెప్పాలి.

ట్రాన్స్‌లేషన్‌లో అసలు చిక్కు

ఇంగ్లీషులో 'లేస్' అంటే అల్లిన లేసూ అవుతుంది, బూటు తాడూ అవుతుంది. ప్రొడక్ట్ టైటిల్‌లో ఆ ఒక్క మాటే ఉంటే మెషీన్ ట్రాన్స్‌లేషన్ ఎటు తిప్పుతుందో చెప్పలేం. మనం అమ్మేది జర్మన్‌లో 'హేకెల్‌ష్పిట్సె', ఫ్రెంచ్‌లో 'దాంతెల్ ఓ క్రోషే', ఇటాలియన్‌లో 'పిట్సో అల్ ఉన్చినెత్తో'. ఇలాంటి ముఖ్యమైన మాటలకు ముందే ఒక చిన్న పట్టిక తయారు చేసుకుని, సైట్ అంతా అవే వాడాలి. ఉతికే పద్ధతి, కొలతలు, రిటర్న్ రూల్స్ మాత్రం ఆ భాష వచ్చిన మనిషితో చదివించండి. గొడవలు వచ్చేది అక్కడే.

స్విస్ వాడుక కూడా వేరు. జర్మనీలో రాసే 'ఎస్‌జెట్' అక్షరం స్విట్జర్లాండ్‌లో వాడరు, దాని బదులు రెండు ఎస్‌లు రాస్తారు. వెయ్యికి కామా ఉండదు, పైన చిన్న కొమ్ము పెడతారు: 1’250.50. అక్కడ అతి చిన్న నాణెం 5 రాపెన్. అందుకే 24.90 లాంటి ధర సహజంగా ఉంటుంది, 24.87 అంటే కరెన్సీ కన్వర్టర్ నుంచి వచ్చిందని ఇట్టే తెలిసిపోతుంది.

ఫారం దగ్గరే ఆగిపోయే ఆర్డర్లు

నేను టెస్ట్ చేసిన సైట్‌లో డిజైన్ బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. చెకౌట్‌లో మాత్రం మూడు చోట్ల ఆగిపోయాను. పిన్‌కోడ్ ఆరు అంకెలు ఉండాలంది, స్విస్ కోడ్ నాలుగే. ఫోన్ నంబర్ పది అంకెలు అడిగింది, అక్కడ +41 తర్వాత తొమ్మిది. రాష్ట్రం ఎంచుకోకపోతే ముందుకు పోనివ్వలేదు, స్విస్ అడ్రస్‌లో ఆ లైనే ఉండదు. అంటే ఇష్టపడి కార్ట్‌లో వేసుకున్న కస్టమర్ కూడా డబ్బు కట్టలేడు. ఇవి సరిచేయడానికి గంట పట్టలేదు.

గుమ్మం దగ్గర బిల్లు

స్విస్ వ్యాట్ 8.1 శాతం. కట్టాల్సిన వ్యాట్ 5 ఫ్రాంకులు దాటకపోతే వసూలు చేయరు. అంటే వస్తువు ధర, షిప్పింగ్ కలిపి సుమారు 62 ఫ్రాంకుల లోపు ఉంటే పార్శిల్ ఏ బిల్లూ లేకుండా చేరుతుంది. ఉదాహరణకి కోస్టర్ల సెట్ 35, షిప్పింగ్ 18 అయితే మొత్తం 53, సమస్య లేదు. టేబుల్ క్లాత్ 80, షిప్పింగ్ 20 అయితే మొత్తం 100, వ్యాట్ 8.10. దానికి కస్టమ్స్ క్లియరెన్స్ ఫీజు అదనం.

ఈ సంగతి కస్టమర్‌కి పార్శిల్ వచ్చిన రోజు తెలిస్తే తీసుకోనని వెనక్కి పంపేయొచ్చు. అక్కడి షాపుల్లో వ్యాట్ కలిపిన ధరే చూపాలి కాబట్టి వాళ్లకి అదే అలవాటు. అందుకే రెండు దార్లు. చిన్న ఆర్డర్లను ఆ హద్దు లోపల ఉండేలా ప్యాక్‌లుగా అమ్మడం, లేదా పెద్దవాటికి ట్యాక్స్ ముందే కట్టే కొరియర్ సర్వీస్ తీసుకుని ఆ ఖర్చు ధరలోనే చూపించడం. బాక్స్ మీద 'గిఫ్ట్' అని రాసి తప్పించుకుందాం అనుకోవద్దు, అమ్మిన సరుకు గిఫ్ట్ కాదు.

పేమెంట్, పేపర్లు

మనకి యూపీఐ ఎలాగో వాళ్లకి ట్వింట్ అలాగ. మీ పేమెంట్ గేట్‌వే అది ఇస్తుందేమో అడగండి. లేకపోతే కార్డు, పేపాల్ పైన పెట్టండి. సరుకు వచ్చాక ఇన్వాయిస్ చూసి కట్టడం కూడా అక్కడ బాగా అలవాటు, మన క్యాష్ ఆన్ డెలివరీకి చుట్టం అనుకోండి. కొత్త షాపు ఆ రిస్క్ తీసుకోనక్కర్లేదు. దాని బదులు రిటర్న్ రూల్ స్పష్టంగా రాస్తే నమ్మకం వస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఆన్‌లైన్ కొనుగోలుకి చట్టప్రకారం వాపసు హక్కు లేదు, కాబట్టి మీరు ఏం రాశారో కస్టమర్ అదే చూస్తాడు.

ఇక్కడి వైపు ఐఈసీ నంబర్ కావాలి. తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల్లో పోస్టల్ ఎక్స్‌పోర్ట్ బిల్లు ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. క్రోషే టేబుల్ క్లాత్‌కి హెచ్‌ఎస్ కోడ్ 6302.40. పార్శిల్ మీద 'హ్యాండీక్రాఫ్ట్' అని ఊరుకోకుండా, ఏ నూలు, ఏ వస్తువు, ఎన్ని పీసులు అని రాయండి.

మీ ఫోన్‌లోనే టెస్ట్ చేయండి

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో భాషల లిస్టుకి వెళ్లి స్విట్జర్లాండ్ జర్మన్ జోడించి పైకి లాగండి. వెనక్కి రావడానికి మెనూ ఎక్కడుందో ముందే గుర్తుపెట్టుకోండి! క్రోమ్‌లో భాష సెట్టింగ్ విడిగా ఉంటే అదీ మార్చండి. ఇప్పుడు మీ షాపు తెరిచి పేమెంట్ పేజీ వరకు వెళ్లండి. జర్మన్ మాటలు పొడుగు, బటన్లలోంచి బయటికి వస్తున్నాయేమో చూడండి. తర్వాత ఫ్రెంచ్, ఆపైన ఇటాలియన్. భాష మార్చినప్పుడు కార్ట్ ఖాళీ అవుతోందా? ధర మారుతోందా? ఆర్డర్ మెయిల్ అదే భాషలో వస్తోందా?

కొత్త ఫోన్ రివ్యూలో కెమెరా, బ్యాటరీ ఎలా టెస్ట్ చేస్తామో, ఇదీ అలాగే. మీ ఇంట్లోనో, పక్క వీధిలోనో ఏదైనా అల్లే, నేసే, చెక్కే వాళ్లుంటే వాళ్ల సైట్‌ని ఒక అరగంట ఇలా టెస్ట్ చేసి పెట్టండి. వాళ్లకి డెవలపర్‌ని పెట్టుకునే స్తోమత ఉండకపోవచ్చు, మీ చేతిలో మాత్రం ఫోన్ ఉంది.