వేడివేడి సీఎస్ఎస్

మా ఫెస్ట్ రిజిస్ట్రేషన్లు రాత్రి 9 గంటలకి ఓపెన్ చేశాం. రెండు నిమిషాలకే ఫోన్: "మామా, సైట్ తెల్లగా వస్తోంది!" తప్పు నాదే. అదేంటో చెప్పాలంటే ముందు మిడిల్‌వేర్ గురించి చెప్పాలి.

స్టైల్స్ నేను సాస్‌లో రాస్తాను. రంగులకి వేరియబుల్స్ పెట్టుకోవచ్చు, ఒక రూల్ లోపల ఇంకో రూల్ రాసుకోవచ్చు. కానీ బ్రౌజర్‌కి సాస్ రాదు, సీఎస్ఎస్ మాత్రమే వచ్చు. కాబట్టి మార్చిన ప్రతిసారీ కంపైల్ చేయాలి. ఆ కమాండ్ కొట్టడం మర్చిపోయి, బటన్ రంగు ఎందుకు మారట్లేదా అని అరగంట తల పట్టుకున్న రోజులున్నాయి నాకు.

అందుకే మా ఎక్స్‌ప్రెస్ సర్వర్‌లో చిన్న మిడిల్‌వేర్ రాశాను. మిడిల్‌వేర్ అంటే రిక్వెస్ట్ వచ్చే దారిలో నిలబడే ఒక ఫంక్షన్. దానికి రిక్వెస్ట్, రెస్పాన్స్, నెక్స్ట్ అందుతాయి. అడిగింది సీఎస్ఎస్ ఫైల్ కాకపోతే నెక్స్ట్‌ని పిలిచి పక్కకి తప్పుకుంటుంది. సీఎస్ఎస్సే అయితే, అదే పేరున్న సాస్ ఫైల్ తీసి అప్పటికప్పుడు కంపైల్ చేసి పంపేస్తుంది. టిఫిన్ సెంటర్లో ఆర్డర్ చెప్పాకే పెనం మీద దోశ పోసినట్టు. ఒక జాగ్రత్త: దీన్ని స్టాటిక్ ఫైళ్లు ఇచ్చే మిడిల్‌వేర్‌కి ముందు పెట్టాలి. లేకపోతే ఫోల్డర్‌లో పడున్న పాత సీఎస్ఎస్‌నే అది ఇచ్చేస్తుంది, మనదాకా రిక్వెస్ట్ రాదు.

దాన్ని అలాగే లైవ్ సర్వర్‌లో పెట్టేశాను. నోడ్‌లో మన జావాస్క్రిప్ట్ నడిచేది ఒకే థ్రెడ్ మీద. నేను వాడింది సింక్రనస్ కంపైల్, అది అయ్యేదాకా సర్వర్ ఇంకెవరికీ పలకదు. నా ల్యాప్‌టాప్‌లో అరసెకను పట్టేది. చూసేది నేనొక్కడినే కాబట్టి తెలియలేదు. అదే లెక్కన ఒకేసారి 100 మంది వస్తే చివరివాడికి 50 సెకన్లు! హెడ్‌లో ఇచ్చిన సీఎస్ఎస్ వచ్చేదాకా బ్రౌజర్ పేజీ చూపించదు, అందుకే తెల్ల తెర. పైగా రిఫ్రెష్ కొట్టిన ప్రతివాడూ క్యూ పెంచాడు.

ఆ రాత్రికి చేత్తో కంపైల్ చేసిన ఫైల్ పెట్టి, మిడిల్‌వేర్ లైన్ కామెంట్ చేసి గట్టెక్కాం. అప్పటికే విసిగి పడుకున్న జూనియర్ల కోసం మర్నాడు ఇంకొన్ని సీట్లు తెరవాల్సొచ్చింది.

తర్వాత దానికి క్యాష్ కూడా పెట్టాను. సాస్ ఫైల్ చివరిసారి మారిన టైమ్ చూసి, కొత్తదైతేనే కంపైల్. ఇక్కడా ఒక దెబ్బ తిన్నాను. రంగులన్నీ వేరే ఫైల్‌లో ఉన్నాయి, మెయిన్ ఫైల్ దాన్ని వాడుకుంటుంది. రంగుల ఫైల్ మారిస్తే మెయిన్ ఫైల్ టైమ్ మారదు కదా, పాత రంగే వచ్చింది! కంపైల్ ఫలితంలో లోడెడ్‌యూఆర్ఎల్స్ అని, వాడిన ఫైళ్లన్నిటి లిస్టు సాసే ఇస్తుంది. ఇప్పుడు వాటన్నిటి టైమ్‌లూ చూస్తున్నాను.

డిప్లాయ్ స్క్రిప్ట్‌లో ఇప్పుడు మొదటి లైన్ సాస్ కంపైల్. లైవ్ సర్వర్‌లో ఆ మిడిల్‌వేర్ అసలు లోడే అవదు. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇప్పటికీ దోశలు పోస్తూనే ఉంది.