తీసిన ఫొటో, తీయించుకున్న ఫొటో

హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో మా స్టూడియో. ఇరుకు గది, ఒక తెల్ల తెర, ఒక నీలం తెర, అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. మేకుకి ఒక నల్ల కోటు. ఎంత బక్క మనిషైనా సరే, వెనక నాలుగు బట్టల క్లిప్పులు బిగిస్తే ముందు నుంచి కుట్టించినట్టే ఉంటుంది. ఇంటర్వ్యూలకి వెళ్లే కుర్రాళ్లు వేసుకుంటారు. మెట్రో మెట్ల దగ్గర కోచింగ్ సెంటర్ పాంప్లెట్లు పంచే పిల్లాడూ ఒకరోజు వేసుకున్నాడు. ఉద్యోగానికి కాదు, ఊళ్లో ఉన్న అమ్మకి పంపడానికట.

ఆదివారం షట్టరు దించితే నేను వేరే ఫొటోగ్రాఫర్ని. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడుస్తూ ఫ్లైఓవర్ కింద పడుకున్నవాళ్లనీ, చెత్త ఏరేవాళ్లనీ, అడ్డా మీద పని కోసం నిలబడ్డ కూలీలనీ తీసేవాణ్ణి. 200 ఎంఎం లెన్సుంటే రోడ్డుకి ఇవతల నిలబడే అవతలి మనిషి నుదుటి చెమట తీయొచ్చు. ఆ మనిషికి తెలియదు. తెలియకుండా తీస్తేనే ‘నేచురల్’ అని మా లెక్క.

అలాగే ఒక మధ్యాహ్నం మా కాంప్లెక్స్ ఊడ్చే ఆమెని తీశాను. పైన వరసగా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు. కింద మెట్టు మీద చీపురు పక్కన పెట్టుకుని ఆమె నిద్ర. ఫొటోకి ఒక పోటీలో బహుమతి వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను. నెల తిరక్కుండా ఏదో కార్డుకి ఫొటో కావాలని ఆమే వచ్చింది. గోడ వైపు చూసింది.

“నోరు తెరుసుకోని పండుకున్నప్పుడే దొరికిన్నా నీకు? ఒక్క మాట చెప్తే కొంగన్న సర్దుకుందు గద సారూ!”

ఫొటో తీయడం వేరు, తీయించుకోవడం వేరు. పేదవాళ్ల ఫొటోల చరిత్రంతా మొదటి మాట మీదే నడిచింది. 1876-78 నాటి కరువు, మన పెద్దలు ధాత కరువన్నది, బళ్లారి, కర్నూలు, కడప సీమల్ని మాడ్చేసింది. అప్పుడు విల్లోబీ వాలెస్ హూపర్ అనే మిలటరీ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు బాధితుల్ని ఫొటోలు తీశాడు. ఎముకల గూళ్లలాంటి మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి తీసిన బొమ్మలవి. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కానీ వాళ్లు ఎవరో ఆ బొమ్మలు చెప్పవు.

1936లో అమెరికాలో డొరోథియా లాంగ్ తీసిన ‘మైగ్రంట్ మదర్’ ప్రపంచమంతా చూసింది. పిల్లల్ని హత్తుకున్న ఆ తల్లి పేరు లాంగ్ అడగనే లేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియడానికి 1978 దాకా పట్టింది. ఆ ఫొటో వల్ల తనకి పైసా రాలేదని ఆమె వాపోయింది.

అలాగని కెమెరా మూసేయాలా? లూయిస్ హైన్ 1908 నుంచి బాల కార్మికుల్ని తీశాడు. అబద్ధమాడి మిల్లుల్లోకి దూరేవాడు, కానీ ఆ అబద్ధం యజమానులకి. పిల్లల దగ్గర పేరు, వయసు అడిగేవాడు. వాళ్ల తల తన కోటు గుండీల్లో ఎన్నోదాని దాకా వచ్చిందో చూసి ఎత్తు లెక్కగట్టేవాడు. జేబులో చెయ్యి పెట్టి గుట్టుగా రాసుకునేవాడు. బాల కార్మిక చట్టాల కోసం సాగిన పోరాటానికి ఆ ఫొటోలు సాక్ష్యమయ్యాయి. మన హైదరాబాద్‌లో కందుకూరి రమేష్‌బాబు గారు మామూలు మనుషుల బొమ్మలు తీస్తూ ఆ పనికి ‘సామాన్యశాస్త్రం’ అని పేరు పెట్టుకున్నారు. శాస్త్రమన్నాక ఒక్క చూపుతో అబ్బదు, మళ్లీ మళ్లీ వెళ్లాలి.

ఇప్పుడు నా సంచిలో 35 ఎంఎం లెన్సే ఉంటుంది. దాంతో మనిషి ముఖం నిండుగా రావాలంటే చేతికందేంత దగ్గరికి వెళ్లక తప్పదు. అంత దగ్గరికెళ్లాక పలకరించకుండా ఎలా తీస్తాం? వద్దంటే వెనక్కి వచ్చేస్తాను. సరేనంటే పేరు రాసుకుని, మరుసటి ఆదివారం ప్రింటు పట్టుకెళ్తాను. అడ్డా మీద కూలీలు ఒక్కోసారి దొరకరు. అలా ఇవ్వలేకపోయిన ప్రింట్లు సొరుగులో ఒక కట్టుంది.

ఊడ్చే ఆమె ఆ మాట అన్నరోజే గోడ మీది ఫ్రేము దించేశాను. కొన్నాళ్లకి ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. “చీపురు బయటనే పెట్టిన. ఫొటోల అది రావద్దు” అంది. కుర్చీలో నిటారుగా కూర్చుంది. నవ్వమన్నా నవ్వలేదు.

ఆ ఫొటో ఏ పోటీకీ పనికిరాదు. అందులో పేదరికం కనబడదు, మైత్రీవనం కనబడదు. డబ్బులొద్దని ఎంత చెప్పినా వినకుండా కొంగుముడి విప్పి, నలిగిన నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. తీయించుకున్న మనిషి కదా.