చుక్కాని లేని బండి మలుపు తిరిగేదెలా?

శ్రీశైలం పాతాళగంగ దగ్గర చేపలు పట్టేవాళ్ల పుట్టిని కాసేపు గమనిస్తే పడవల శాస్త్రంలో సగం అర్థమవుతుంది. పుట్టి గుండ్రంగా ఉంటుంది. అడుగున వెన్ను ఉండదు, పక్కల పదునైన అంచు ఉండదు. తెడ్డు ఒక పక్కనే వేస్తే ముందుకు పోకుండా తన చుట్టూ తాను తిరుగుతుంది. దాన్ని తిప్పడం ఎవరికైనా వచ్చు, తిప్పిన దిక్కుకు సాగేలా చెయ్యడానికే అనుభవం కావాలి. పడవ ముఖం తిరగడం వేరు, పడవ దారి మళ్లడం వేరు. నిలబడి నడిపే జెట్‌స్కీని పందేనికి సిద్ధం చేసేటప్పుడు ఈ తేడా మరిచిపోయి ముందుగా ఇంజిన్ మీద డబ్బు పోయడం మామూలే. నా దృష్టిలో అది తలకిందుల పని. మొదలుపెట్టాల్సింది బండి అడుగు నుంచి.

బీచిల్లో అద్దెకిచ్చే జెట్‌స్కీలు కూర్చుని నడిపేవి. నిలబడి నడిపేది అంతకంటే చిన్నది. ముందువైపు మడత బందు మీద పైకీ కిందికీ కదిలే పొడవాటి కాడ, దాని చివర హ్యాండిల్, వెనక నిలబడడానికి కాస్త జాగా, అంతే. అమెరికాలో మోటోక్రాస్ బైకులు నడిపిన క్లేటన్ జేకబ్‌సన్ 1960లలో ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. 1970ల మొదట్లో కవాసాకి కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. యమహా సూపర్‌జెట్ 1990లో వచ్చింది. ఆ పాత టూ స్ట్రోక్ సూపర్‌జెట్ పొడవు 2.24 మీటర్లు, బరువు 140 కిలోలకు కాస్త అటూ ఇటూ. దాని మీద 75 కిలోల మనిషి ఎక్కితే మొత్తం బరువులో మూడోవంతు మనిషిదే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఈ బండికి చుక్కాని లేదు, బయటికి కనబడే పంకా లేదు. అడుగున ఉన్న జాలీ గుండా నీళ్లు లోపలికి వస్తాయి. ఇంపెల్లర్ వాటిని వెనక్కి తోస్తుంది. సుడి తిరుగుతూ వచ్చిన నీటిని ఆ వెనకే ఉన్న కదలని రెక్కలు తిన్నగా చేస్తాయి. సన్నబడే నాజిల్‌లోంచి అది ధారగా చిమ్ముతుంది. ఈ అమరికంతా ఒక పంపే. దీని పెద్ద రూపం శ్రీశైలంలోనే ఉంది: అక్కడి ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అవి రెండు వైపులా పనిచేసే రకం. పైనుంచి నీళ్లు దిగితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే దిగువ నీళ్లను తిరిగి జలాశయంలోకి ఎక్కించగలవు. ఆ రెండో పనిలో ఉన్నప్పుడు ఆ మహాయంత్రానికి జెట్‌స్కీ పంపు చిన్న చుట్టమే. రెక్క వంపు ఎంత, రెక్కకూ గోడకూ మధ్య సందు ఎంత, నీళ్లు సుడి లేకుండా బయటపడుతున్నాయా అన్న ప్రశ్నలే రెండు చోట్లా ఇంజినీర్లను వేధిస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. బండి సెకనుకు 15 మీటర్ల వేగంతో, అంటే గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతోంది. పంపు గుండా సెకనుకు 100 లీటర్ల నీళ్లు వెళ్తున్నాయి, ధార 30 మీటర్ల వేగంతో బయటపడుతోంది అనుకుందాం. నీటి వేగంలో పెరుగుదల 15 మీటర్లు. దాన్ని 100 కిలోలతో గుణిస్తే 1500 న్యూటన్లు. మామూలు మాటల్లో 150 కిలోల బరువంత తోపు. హ్యాండిల్ తిప్పినప్పుడు నాజిల్ 15 డిగ్రీలు పక్కకు తిరిగిందనుకుంటే, ధారలో నాలుగోవంతు వేగం పక్కదారి పడుతుంది. దానివల్ల తోక మీద పడే తోపు సుమారు 80 కిలోలు.

అదే వేగంతో 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరగాలంటే ఎంత బలం కావాలి? మనిషితో కలిపి 215 కిలోల బండిని మలుపు లోపలివైపుకి లాగడానికి దాదాపు 245 కిలోల బలం కావాలి. నాజిల్ ఇచ్చే 80 ఎక్కడ, ఈ 245 ఎక్కడ! పైగా ఎడమకు తిరగాలంటే ధార ఎడమకు చిమ్ముతుంది, తోక కుడికి జరుగుతుంది. అంటే నాజిల్ బలం పనిచేసేది మలుపు బయటివైపుకే. అది బండి ముఖాన్ని మాత్రమే తిప్పుతుంది. దారిని మళ్లించే బలమంతా అడుగే తేవాలి. బండి లోపలివైపుకి ఒరిగినప్పుడు ఆ పక్క అంచు నీళ్లలో దిగబడుతుంది. ఒరిగిన అడుగును నీళ్లు పక్కకు నెడతాయి, ఆ నెట్టుడే మలుపు. అంచు పట్టు వదిలిందా, ఎంత పెద్ద ఇంజిన్ పెట్టినా బండి పుట్టిలా తిరుగుతూ, మలుపు గుర్తుగా నీటి మీద తేలే బోయ్‌కి దూరంగా జారిపోతుంది.

అందుకే అనుభవమున్న మెకానిక్కులు చెయ్యిపెట్టే మొదటి చోటు స్పాన్సన్లు. బండి వెనక భాగంలో రెండు పక్కలా బోల్టులతో బిగించే పొడుగాటి పలకలివి. కిందికి దించి బిగిస్తే మలుపులో తొందరగా, గట్టిగా నీళ్లు పడతాయి. పైకి బిగిస్తే బండి కాస్త వదులుగా, జారుడుగా ఉంటుంది. ఎంత కిందికి ఉంటే అంత మంచిదని కాదు. పట్టు మరీ ఎక్కువైతే అంచు ఒక్కసారిగా కరుచుకుని నడిపేవాణ్ణి బయటికి విసిరేస్తుంది. నేర్చుకునేవాళ్లకు మధ్యస్థంగా బిగించడమే మేలని నా అభిప్రాయం.

తర్వాతది పంపు కింద ఉండే రైడ్ ప్లేటు. వేగంలో బండి నీటి మీద తేలేది ఈ వెనక భాగం మీదే. ప్లేటు పొడవు పెంచితే ముక్కు కిందికి ఉంటుంది, తిన్నటి దారిలో ఎగిసెగిసి పడడం తగ్గుతుంది. కురచ చేస్తే ముక్కు తేలికగా లేస్తుంది, బండి చురుగ్గా తిరుగుతుంది కానీ అలల మీద నిలకడ తగ్గుతుంది. ఇందాకటి మూడోవంతు బరువు అక్కరకొచ్చేది ఇక్కడే. నిలబడినవాడు కాలు ఒక జానెడు ముందుకు వేస్తే ముక్కు దిగి ముందు అంచు నీళ్లు పడుతుంది, వెనక్కి వాలితే ముక్కు వదిలేస్తుంది. కాడ పొడవు, హ్యాండిల్ వంపు, కాళ్లకింద మ్యాట్, పాదం ఇరికించుకునే పట్టీ చూడ్డానికి అలంకారాల్లా ఉంటాయి. నిజానికి ఆ కదలికను అదుపులో పెట్టేవి అవే. ఇంజిన్ కంటే ముందు వీటినే సరిచెయ్యాలని నేనంటాను.

జాలీ సంగతి వేరు. పోటీలో ముందున్న బండ్లు లేపిన అలల మీద మీ బండి గాల్లోకి లేస్తే పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తుంది. ఇంజిన్ గీపెడుతుంది, తోపు మాత్రం ఉండదు. నీళ్లను లోపలికి మళ్లించే వంపు పలక ఉన్న జాలీ బిగిస్తే పంపు మళ్లీ తొందరగా నిండుతుంది, వెనక భాగం కూడా నీటికి అంటుకుని ఉంటుంది. ఇంపెల్లర్ రెక్కల వాలు తగ్గిస్తే మలుపు దాటాక చప్పున ఊపందుకుంటుంది, పెంచితే తిన్నటి దారిలో చివరి వేగం పెరుగుతుంది. బోయ్‌లు దగ్గరదగ్గరగా ఉన్న పోటీలో మొదటిదే లాభం.

ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చాలి. అవే బోయ్‌ల మధ్య ఎడమకూ కుడికీ తిప్పి చూడాలి. మరొకటి మాత్రం ఏ మార్పుతోనూ పోదు: యాక్సిలరేటర్ వదిలేస్తే ధార ఆగుతుంది, ధార ఆగితే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. ఎదురుగా ఏదో వస్తే భయంతో చెయ్యి వదిలెయ్యడం మనిషి సహజం. ఇక్కడ అదే ప్రమాదం. వేగం ఉంచి తిప్పాలన్నది ఒంటికి అలవాటయ్యే దాకా ఎవరూ గుంపులో పోటీకి దిగకూడదు.

ఇక పందేనికి ఏ నీళ్లు తగినవి? 2018 నవంబరులో విజయవాడ దగ్గర, శ్రీశైలం నుంచి దిగివచ్చే ఇదే కృష్ణమ్మ మీద ఎఫ్1హెచ్2ఓ పడవల అంతర్జాతీయ పోటీ జరిగింది. గంటకు 200 కిలోమీటర్లు దాటే పడవలవి. అక్కడి బ్యారేజీ వెనక నిలకడగా నిలిచే నీళ్లు పందేలకు తగినవి. శ్రీశైలం నీళ్లు అలాంటివి కావు. చుట్టూ పులుల అభయారణ్యం, అక్కడ ఇంజిన్ల రొద వద్దనే నేనంటాను. 885 అడుగుల నిండు మట్టం నుంచి వేసవికి నీళ్లు బాగా దిగిపోతాయి, నిరుడు లోతున మునిగిన రాళ్లు పైపైకి వస్తాయి. కృష్ణ, తుంగభద్రలు తెచ్చే ఒండ్రు కూడా తక్కువేం కాదు. మొదట్లో 308 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల సుమారు 215 టీఎంసీలకు తగ్గిపోయింది.

ఈ నదిలో ఎక్కడ బండి నడిపినా ఆ ఒండ్రే పంపులోంచీ పోతుంది. ఇంపెల్లర్ అంచునూ దాని చుట్టూ ఉండే వేర్ రింగునూ సన్నగా అరగదీస్తుంది. కొత్త పంపులో ఆ సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది పెరిగేకొద్దీ నీళ్లు సందులోంచి వెనక్కి జారతాయి, ధార బలం తగ్గుతుంది. స్పాన్సన్లు ఎంత చక్కగా బిగించినా మలుపు దాటాక ఊపు రాదు. వరద నీటిలో నడిపిన ప్రతిసారీ జాలీ విప్పి ఇరుక్కున్న పుల్లలు తీసెయ్యాలి, ఫీలర్ గేజ్ పెట్టి ఆ సందు కొలవాలి. 0.6 మిల్లీమీటర్లు దాటితే రింగు మార్చెయ్యాలి.