హైబ్రిడ్‌ బండికీ గేర్‌ ఆయిల్‌ మార్చాల్సిందే!

బెంగళూరు: బిడది కర్మాగారంలో టొయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ తయారీ 2013లో మొదలైంది. ఆనాటి బండ్లకు పదేళ్లు దాటాయి. వీటిలో క్లచ్చూ, బెల్టూ ఉండవు. ఇంజిన్‌నూ, రెండు మోటార్లనూ పళ్లచక్రాలే కలుపుతాయి. అందుకే చాలామంది గేర్‌బాక్సు సంగతే పట్టించుకోరు. తిప్పలు వచ్చేది అక్కడే. అందులోని ఆయిల్‌ చక్రాల అరుగుదలను ఆపడమే కాదు, మోటార్ల వేడినీ లాగేస్తుంది. లక్ష కిలోమీటర్లకోసారి మార్చడం మేలన్నది మెకానిక్కుల మాట. ‘డబ్ల్యూఎస్‌’ రకమే పోయాలి. బండిని చదునైన చోట నిలిపి, ముందు ఆయిల్‌ పోసే నట్టు ఊడుతోందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాతే కింది నట్టు విప్పాలి. లేదంటే పాతది కారిపోయాక కొత్తది పోసే దారుండదు! రంధ్రం అంచుదాకా నిండితే చాలు. నారింజరంగు వైర్ల జోలికి మాత్రం పోవద్దు, ప్రాణాలకే ముప్పు. ఆయిల్‌ ఖర్చు వేలల్లోనే.. గేర్‌బాక్సు పోతే లక్షల్లోనే!