పిల్లల ఆసుపత్రిలో అబ్జర్వర్‌షిప్: దరఖాస్తు వెనుక ఉన్న సంగతులు

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి అడిగిన మాట మాకు ఇంకా గుర్తుంది. "డాక్టరు చదువు అయిపోయిన పిల్ల అమెరికా పోయి నాలుగు వారాలు ఊరికే చూసి వస్తుందంట. చూసేదానికి మన సొసైటీ దుడ్లు ఎందుకియ్యాల?" అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు టైము చాలక సరిగా జవాబు చెప్పలేకపోయాము. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాము.

అబ్జర్వర్‌షిప్ అంటే నిజంగానే చూడడమే. ఎం.బి.బి.ఎస్. పూర్తయిన డాక్టరు ఒక పెద్ద ఆసుపత్రిలో కొన్ని వారాలు అక్కడి డాక్టర్ల వెంట తిరుగుతారు. రోగిని ముట్టకూడదు, మందు రాయకూడదు, కేసు షీటులో అక్షరం పెట్టకూడదు. జీతం ఉండదు. చాలా చోట్ల ఎదురు ఫీజు కట్టాలి. అది డిగ్రీ కాదు, ఉద్యోగమూ కాదు.

మరి లాభమేమిటి? అమెరికాలో పిల్లల వైద్యంలో పై శిక్షణకు పోవాలంటే అక్కడి పరీక్షలు పాసైతే సరిపోదు. ఈ డాక్టరును మేము దగ్గరగా చూశాము అని అక్కడివాళ్లు రాసిన సిఫారసు లేఖకు చాలా విలువ ఉంటుంది. అబ్జర్వర్‌షిప్‌కు పోయినవాళ్లు ఆ లేఖ సంపాదించుకోగలరు. తిరిగి మన దగ్గరే పనిచేయాలనుకునేవాళ్లకు ఇంకో లాభం ఉంది. సిన్సినాటి పిల్లల ఆసుపత్రి లాంటి చోట ఉదయం రౌండ్లలో డాక్టర్లు తల్లిదండ్రులను పక్కన నిలబెట్టుకుని, వాళ్లకు అర్థమయ్యేటట్టు మాట్లాడుతూ వైద్యం నిర్ణయిస్తారు. తల్లిని వార్డు బయట కూర్చోబెట్టే అలవాటు చూసిన మనకు అది చిన్న విషయం కాదు.

ఇక దరఖాస్తు. మా బడిలో పదో తరగతి దాకా చదివి, కర్నూలు మెడికల్ కాలేజీలో హౌస్‌సర్జన్సీ ముగించిన అమ్మాయి ఒకరు ఉన్నారు. తండ్రిది రాళ్ల పని. ఆ అమ్మాయికి ఒక పిల్లల ఆసుపత్రిలో చోటు దొరికినట్టే దొరికి చేజారింది. మార్కుల వల్ల కాదు, ఇంగ్లీషు వల్ల కాదు. టీకాల కాగితాల వల్ల.

ఇది దాతలు బాగా తెలుసుకోవలసిన సంగతి. పిల్లల ఆసుపత్రిలో క్యాన్సరు మందుల మీద ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్లకు ఆటలమ్మ సోకితే ప్రాణానికే ముప్పు. అందుకని లోపలికి వచ్చే డాక్టరుకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్-బి, కోరింత దగ్గు రాకుండా రక్షణ ఉందని రుజువు అడుగుతారు. చలికాలమైతే ఫ్లూ టీకా కూడా. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది సార్" అంటే చెల్లదు. రక్తపరీక్ష చేయించి యాంటీబాడీలు ఉన్నట్టు చూపాలి, లేకుంటే టీకా వేయించుకోవాలి. పెద్దవాళ్లకు ఆటలమ్మ టీకా రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఆగాలి. హెపటైటిస్-బి మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది. డబ్బు ఎంత ఉన్నా ఆ ఆరు నెలలను కొనలేము. క్షయ పరీక్ష ఇంకో చిక్కు. పుట్టగానే బి.సి.జి. వేయించుకున్న మనవాళ్లకు చర్మం మీద చేసే పరీక్ష జబ్బు లేకున్నా పాజిటివ్ చూపవచ్చు. అప్పుడు రక్తంతో చేసే క్షయ పరీక్ష చేయించుకోవాలి. మన అమ్మాయికి ఇవేవీ ముందుగా చెప్పినవారు లేరు. మాకూ తెలియదు.

రెండో చిక్కు పేర్లది. ఇందులో తప్పు మా ఉపాధ్యాయులది కూడా. పదో తరగతి జాబితాలో "ఎస్." అని ఒక్క పొడి అక్షరం ఉంటుంది. పాస్‌పోర్టులో "షేక్" అని పూర్తిగా ఉంటుంది. డిగ్రీలో అదే షేక్‌కు ఇంగ్లీషులో చివర ఒక హెచ్ అదనంగా చేరి ఉంటుంది. సయ్యద్, పఠాన్ ఇళ్లలోనూ ఇదే కథ. అక్కడ పేరు చూసేవాళ్లకు వీళ్లు ముగ్గురు మనుషులు. అడ్మిషను రిజిస్టరు రాసేటప్పుడు పాస్‌పోర్టు దాకా ఎవరు ఆలోచించారు? ఇప్పుడు రాస్తున్నవాళ్లైనా ఆలోచించాలి.

మిగతావి మామూలే. డిగ్రీ నకలు, కాలేజీ నుంచి లేఖ, చదువు వివరాల పత్రం, పోలీసు క్లియరెన్సు, ఆరోగ్య బీమా. కొన్ని ఆసుపత్రులు అమెరికా పరీక్షలు ముందే పాసై ఉండాలంటాయి, కొన్ని అడగవు. బాధ్యత తీసుకునే డాక్టరును మనమే వెతుక్కోవలసిన చోట్లు ఉన్నాయి. ఆయనకు రాసే పేజీలో మన కష్టాల కథ కన్నా, కర్నూలు వార్డులో ఏ కేసులు చూశాము, అక్కడ ఏమి చూడదలచాము అన్నది రాయాలి. ఆహ్వాన లేఖ వచ్చాక వీసా, దానికి హైదరాబాదులో ఇంటర్వ్యూ. వీసా ఇవ్వకపోవచ్చు కూడా. అందుకని విమానం టికెట్టు చివర కొనాలి.

కాబట్టి మా మనవి ఒకటి. దాతలు సాధారణంగా టికెట్టుకు ఇస్తారు. ఫొటో దిగడానికి బాగుంటుంది కూడా! కానీ పేద ఇంటి పిల్లలు ఆగిపోయేది అంతకు ముందే: రక్తపరీక్షలు, టీకాలు, పేరు సవరణ, దరఖాస్తు ఫీజు, హైదరాబాదు ప్రయాణాలు. ఆ చిన్న మొత్తాలు ఏడాది ముందు అందాలి. ఇందుకు జకాత్ సొమ్ము వాడవచ్చునా అన్నది ఉలమాలు చెప్పాలి, మేము ఆ జోలికి పోము.

ఇది కొత్త పనేమీ కాదు. 1920లలో యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టను చేరడానికి మామగారితో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా ఆసరా అయింది. అక్కడ ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పని చేసుకుంటూ చదివారు. తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందును బోస్టను పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి, కొంతకాలానికే అయినా, జబ్బు తగ్గుముఖం పట్టింది. కాకినాడలో చందా ఇచ్చినవాళ్లలో ఎవరూ ఆ పిల్లలను చూసి ఉండరు.

మన అమ్మాయి హెపటైటిస్ మూడో డోసు ఈ మధ్యనే వేయించుకుంది. దరఖాస్తు మళ్లీ పంపుతోంది. డిగ్రీలో పేరు సవరణ కాగితం ఇంకా చేతికి రావాలి.