గాలిదిండు ఎక్కడ పగలాలి?

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల సరుకు ఔటర్ రింగ్ రోడ్డెక్కే ప్రాంతంలోనే కొల్లూరు ఉంది. 2023 జూన్‌లో ప్రారంభమైన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీ కూడా అక్కడే ఉంది. అట్టపెట్టెలో సరుకు కదలకుండా కుక్కే గాలిదిండు ఈ రెండు చోట్లకూ చేరుతుంది. ఫ్యాక్టరీలో అది పోగుచేసి అమ్ముకోగల ముడిసరుకు, ఇంట్లో ఎవరికీ అక్కర్లేని చెత్త. ప్లాస్టిక్కా, కాగితమా అన్న తగువులో ఈ తేడా మన కంటికి ఆనడం లేదు. గాలిదిండు ఫ్యాక్టరీల మధ్య తిరగాలి, ఇంటికెళ్లే పార్సిల్లోంచి పోవాలి.

దాని గుణం ముందు ఒప్పుకోవాలి. 80 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన గాజుసీసా 2 మిల్లీమీటర్ల దూరంలో ఆగిందంటే, దాని బరువుకు సగటున సుమారు 400 రెట్ల బలం తగులుతుంది. దిండు అణుగుతూ 4 సెంటీమీటర్ల మేర ఆపితే ఆ దెబ్బ సుమారు 20 రెట్లకు దిగుతుంది. ఇంత పని చేసే ప్లాస్టిక్ ఎంత? 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దిండుకు 25 మైక్రాన్ల పొరలు రెండు వేస్తే బరువు దాదాపు ఒక్క గ్రాము. అంతే జాగాకు థర్మాకోల్ ఎన్నో రెట్లు పడుతుంది, పైగా దాన్ని ఉబ్బిన రూపంలోనే లారీకెక్కించాలి. దిండుకు కావలసిన ఫిల్మ్ చుట్టగా వస్తుంది, ప్యాకింగ్ బల్ల దగ్గరే గాలి నింపి అతికిస్తారు. డీజిల్ తగలేసి గాలిని మోసే బాధ లేదు.

అయితే ఆ ఒక్క గ్రామే దాని శాపం. కిలో కావాలంటే వెయ్యి దిండ్లు ఏరాలి. చెత్త ఏరి బతికే మనిషికి ఆ కష్టం ఏ రేటుకు గిట్టుతుంది? చట్టం ఉంది కదా అంటారు. ప్యాకింగ్ ప్లాస్టిక్‌కు కంపెనీలే బాధ్యులని 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చిన మాట నిజం. కానీ ఆ లెక్క బరువులో, సర్టిఫికెట్లలో నడుస్తుంది. కొల్లూరులో పగిలిన దిండుకు బదులు మరెక్కడో రీసైకిల్ అయిన అదే తరగతి ప్లాస్టిక్ చూపినా సరిపోతుంది. కాగితం మీద లెక్క కుదురుతుంది, ఇక్కడి మోరీలో మాత్రం దిండు అలాగే ఉంటుంది. ఫ్యాక్టరీల కాలుష్యంతో నక్కవాగు పాడైన ప్రాంతమిది. ఇక్కడ అలాంటి సర్దుబాటు నాకు మింగుడుపడదు.

ఇళ్లకు గాలిదిండు లేకుండా పంపలేమన్న వాదన ఇప్పటికే వీగిపోయింది. అమెజాన్ భారత్‌లోని తన గిడ్డంగుల్లో 2020 నాటికే దాని స్థానంలో కాగితం పెట్టింది. ఉత్తర అమెరికాలో 95 శాతం మార్చామని 2024లో ప్రకటించింది. ఏడాదికి సుమారు 1,500 కోట్ల దిండ్లు తగ్గుతాయని అంచనా.

మరి ఫ్యాక్టరీల్లోనూ కాగితమే వాడొచ్చు కదా? అన్నిచోట్లా కుదరదు. కాగితం వానాకాలం చెమ్మ పీలుస్తుంది, నుసి రాలుస్తుంది, బరువెక్కువ. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులో తయారయ్యే వైద్య పరికరాల దగ్గర నుసి చిన్న విషయం కాదు. అక్కడ దిండు ఉండనివ్వాలి, కానీ తిరిగి రావాలి. వెనక్కి తెచ్చే ఖర్చెవరిదన్న ప్రశ్న సహజం. గాలి తీసేస్తే వెయ్యి దిండ్లు ఒక గోనెసంచిలో పడతాయి, సరుకు దించిన బండి ఎలాగూ వెనక్కి వస్తుంది. టేపు, లేబుల్ అంటని పాలిథిన్ ఫిల్మ్‌ను కరిగించి మళ్లీ గింజలుగా మార్చేవాళ్లు కొంటారు. నైలాన్ పొర కలిసిన రకం అందులో పడితే మాత్రం సరుకంతా చెడుతుంది. అందుకే కొనుగోలు ఆర్డరులోనే రెండు షరతులు రాయాలి: ఫిల్మ్ ఒకే రకం పాలిథిన్ అయి ఉండాలి, ఖాళీ దిండ్లను సరుకు పంపినవాడే వెనక్కి తీసుకోవాలి.